సగంలో ఆగిన మేకపిల్ల కథ

క్రమశిక్షణ మితిమీరితే ఇంట్లో ఎంతటి ప్రళయం సంభవిస్తుందో మరొకరు అనుభవించి తెలుసుకోనక్కరలేదు. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను.

మర్రిగూడలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ని. వెలుగుతున్న దీపాన్ని ఆర్పనిదే నాకు అన్నం సయించదు. నేను గది దాటేసరికి గోడమీది స్విచ్‌లన్నీ ప్రార్థనలో నిలిచిన పిల్లల్లా ఒకే వైపు తలలు వంచి ఉండాలి.

మనుమరాలు సహస్రకు ఆరేళ్లు. పుట్టుకతో వినికిడి లేదు. శస్త్రచికిత్స చేసి తల లోపల ఒక పరికరం అమర్చారు. బయట చెవి వెనుక కొక్కెంలా తగిలించే చిన్న యంత్రం, దాని నుంచి సన్నని తీగ, తీగ చివర అయస్కాంతపు బిళ్ల. జుట్టుమీద ఆనించగానే బిళ్ల అతుక్కుంటుంది, మాట లోపలికి చేరుతుంది. ఇదంతా నడిచేది బ్యాటరీతో. ఒకటి చెవిమీద ఉండగా రెండోది చార్జింగులో ఉండాలి.

ఆ సాయంత్రం నా భార్య లక్ష్మమ్మ హైదరాబాదు దవాఖానకు బయలుదేరాలి. గొంతులో స్వరపేటిక తీసేస్తారనీ, ఇక మాట ఉండదనీ డాక్టరు ముందే చెప్పాడు. బండి వచ్చేలోగా మనుమరాలికి తన గొంతుతో ఒక కథ వినిపించాలని ఆమె కోరిక. మేకల మంద మధ్య పెరిగిన మనిషి, మేకపిల్ల కథ ఎత్తుకుంది. ఆ పిల్ల మంద తప్పి వాగు ఒడ్డుకు చేరిందో లేదో, చెవి వెనుక యంత్రంమీది చిన్న దీపం ఎర్రగా మెరిసి ఆరిపోయింది.

"ఇనొస్తలేదు తాతా" అంది సహస్ర.

నేను ఠీవిగా రెండో బ్యాటరీ తెచ్చి అమర్చాను. ఉలుకూ పలుకూ లేదు. కోడలు చార్జరు వైపు చూసింది.

"పొద్దుగాల స్విచ్ ఏసి పోయిన మామా. ఎవరు బంద్ చేసిన్రు?"

మా ఇంట్లో ఆ ప్రశ్నకు విచారణ సంఘం అక్కరలేదు.

లక్ష్మమ్మ కోప్పడలేదు. "పోనియ్ సారూ. రేపటి సంది నన్ను గూడ బంద్ జేస్తరు. ఇగ నీకు ఫికర్ లేదు" అంది. నవ్వబోయాను, చేతకాలేదు.

ఇంతలో బండి వచ్చింది, బ్యాటరీకి చార్జింగ్ ఎక్కేదాకా ఆగే వ్యవధి లేదు. ఆమె సహస్ర అరచేతిని తన గొంతుకు ఆనించుకుని మిగతా కథంతా చెప్పింది. పిల్ల ఆ అదురునే పట్టుకుని కదలకుండా కూర్చుంది. కోడలు సామాను బండిలో పెడుతోంది. మరి నేను? ప్రయాణం కదా, ఇంట్లో లైట్లు ఆర్పుతూ తిరుగుతున్నాను.

ఇప్పుడు రెండు బ్యాటరీలూ నిండుగా ఉంటున్నాయి. చెప్పే గొంతు లేదు. "మేకపిల్ల ఏమైంది తాతా?" అని సహస్ర అడుగుతూనే ఉంది. వాగు దాటి తల్లిని చేరిందంటాను. లక్ష్మమ్మ కాదని తల ఊపుతుంది. తోడేలు ఎత్తుకుపోయిందంటాను. అదీ కాదట. రాసి చూపమందామంటే, ఊరందరి పిల్లలకూ అక్షరాలు దిద్దించిన నేను ఆమెకు ఒక్కటీ నేర్పలేదు.

కనుక పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇతరులు వేసిన స్విచ్‌ను వారిని అడగకుండా ఇక ముట్టను. మీ ఇంట అవ్వలెవరైనా ఈ కథ చెప్పి ఉంటే, దయచేసి నా తప్పు దిద్దండి. లక్ష్మమ్మ తల నిలువుగా ఊపేదాకా దిద్దుతూనే ఉండండి.