లేని రైలు

విజయనగరం వారపత్రికలో ఒక డబ్బింగు సినిమా గురించి రాసిన పెద్దమనిషి, హీరో మాయమయ్యే కథంతా చెత్త అని తీసిపారేశాడు. మధ్యలో వచ్చే రైలు దృశ్యం ఒక్కటే సహజంగా ఉందని మెచ్చుకున్నాడు. ఆ సినిమాలో రైలే లేదు. ఆ రైలు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పొట్ట కొట్టడానికి వచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో మా ఆయన నరసన్నపేట టెంటు సినిమాలో ఆపరేటరు. టెంటు ఒక షావుకారుది. ఆట తొందరగా ముగియాలని ప్రతి సినిమాలోనూ ఒకటో రెండో రీళ్లు ఎగరగొట్టించేవాడు. జనానికి ఆ సంగతి తెలుసు. తిట్టుకుంటూనే వచ్చేవారు.

ఈ డబ్బింగు సినిమా మాత్రం మా ఆయనకి తెగ నచ్చింది. అందులో ఒక సైంటిస్టు హీరోని అద్దాల పెట్టెలో నిలబెట్టి మీట నొక్కుతాడు. హీరో మరుక్షణం ఇంకో ఊళ్లో కొండమీద తేలి, తేలగానే నలుగురిని చితక్కొడతాడు. "దీన్ని కొయ్యను బాబూ, మొత్తం ఆడిత్తాను" అని మా ఆయన షావుకారుతో పోట్లాడి ఒప్పించాడు.

మొదటి ఆటలోనే గొడవయింది. హీరో పెట్టెలో మాయమై కొండమీద తేలగానే నేల టిక్కెట్టువాడొకడు లేచాడు.

"ఒరే, రీలు కోసీసినావు! మజ్జిన ఏటయింది?"

టెంటంతా అందుకుంది. తెర మీద చెప్పులు పడ్డాయి. నారదుడు స్వర్గంలో మాయమై భూమ్మీద దిగితే దండాలు పెట్టిన జనమే. ప్యాంటువాడు మాయమైతే మాత్రం రీలు పోయినట్టే! అయినా వాళ్లకన్నా షావుకారు మీదే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నాళ్లూ కోయించినవాడే తెర ముందుకొచ్చి చేతులు జోడించి, "ఆపరేటరు ఎదవ కోసీసినాడు బాబూ, రేపు మొత్తం సూపిత్తాను" అన్నాడు.

మర్నాడు పాత న్యూస్‌రీలులోంచి రైలు ముక్క ఒకటి తెచ్చి, హీరో మాయమవడానికీ తేలడానికీ మధ్య అతికించమన్నాడు. మా ఆయన చెయ్యనన్నాడు. షావుకారు అప్పటికప్పుడు ఆయన్ని పనిలోంచి తీసేసి, ఇంకొకడి చేత అతికించాడు.

ఆ సాయంత్రం నేను కోపంగా వెళ్లి ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. హీరో పెట్టెలోకి వెళ్లాడు. పొగలు కక్కుతూ రైలు వెళ్లింది. తర్వాత కొండ. టెంటంతా ఈలలు. పక్కనున్నావిడ నన్ను మోచేత్తో పొడిచింది.

"సూసినావేటే, నిన్న నీ మొగుడు దాసీసిన ముక్క ఇదే!"

"అది ఈ సినిమాది కాదే!"

"మరి బండెక్కకుండా అంత దూరం ఎలాగెల్తాడే?"

చుట్టుపక్కల వాళ్లందరూ నన్ను చూసి నవ్వారు.

ఆ రైలు ముక్కతోనే ప్రింటు విజయనగరం వెళ్లి పెద్దమనిషి మెప్పు పొందింది. మా ఆయనకి రీళ్లు కోసేవాడన్న పేరు మిగిలింది. ఏ టెంటువాడూ మళ్లీ ఆయన్ని మిషను ముట్టుకోనివ్వలేదు. చివరికి నౌపడ ఉప్పు మళ్లలో పనికి కుదిరాడు. అక్కడ రోజూ రైళ్లు వెళ్లేవి. కూత వినపడగానే కూలీలందరూ తలెత్తి చూసేవారు. ఆయన మాత్రం అటు వీపు తిప్పేవాడు.