తలుగు ఇవ్వని బేరం

బస్సు పాల్వంచ దాటి అడవిలోకి వెళ్ళగానే నా ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. ఇన్నేళ్ళ కండక్టర్ ఉద్యోగంలో దాని గురించి నేనెప్పుడూ బాధపడలేదు. టికెట్లు కొట్టడం అయిపోయి, మధ్యాహ్నపు ఎండకు జనం ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చేసి, డ్రైవర్ కూడా మాటలు ఆపేసిన వేళ, కిటికీలోంచి టేకు చెట్లను చూస్తూ కూర్చుంటే నిద్రకీ మెలకువకీ మధ్య ఒక చోటు దొరుకుతుంది. ఎక్కడో ఇప్పపూలు రాలిన వాసన వస్తుంది. ఎవరి పేరూ గుర్తుండదు, నా పేరుతో సహా. అక్కడ ఉండడం నాకు చాలా ఇష్టం. కానీ ఆ ఎండాకాలం మాత్రం సిగ్నల్ పోయినప్పుడల్లా పళ్ళు నూరుకున్నాను. మా అత్తమ్మ రూపాయి బిళ్ళ ఏ ఊరి దాకా పోయిందో ఆ ఫోన్‌లోనే తెలియాలి మరి.

నాకు పాత నాణేల పిచ్చి పట్టించింది నా చేతిసంచే. ఒకప్పుడు ఖమ్మం నుంచి భద్రాచలం పోయేసరికి సంచి భుజాన్ని కోసేసేది. అంత చిల్లర. అందులో అంచులు వంపులు తిరిగిన పది పైసలు వచ్చేవి, తామరపువ్వున్న ఇరవై పైసలు వచ్చేవి. చెల్లని బిళ్ళను గుంపులో నా చేతిలో పెట్టేసి అమాయకంగా బయటికి చూసే పెద్దమనుషులు ప్రతి ట్రిప్పులోనూ ఉండేవాళ్ళు. ముందు తిట్టేదాన్ని. తర్వాత తర్వాత, నా డబ్బులు సంచిలో వేసి ఆ బిళ్ళను ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, మగవాళ్ళు ఫోన్‌తో కడతారు. సంచి గాలికి ఊగుతోంది. నా డబ్బాలో ఉన్నవే మిగిలాయి. వాటిలో రెండేసి ఉన్నవాటిని ఆన్‌లైన్‌లో అమ్మడం నేర్చుకున్నాను.

అమ్మడం అంటే అమ్మడమే అనుకుంటారు. కాదు. ఆ సైటులో బిళ్ళ ఫొటో పెట్టినందుకు ఒక కోత, అమ్ముడుపోయినందుకు ఇంకో కోత. నేను పోస్టుకు పెట్టే ఖర్చు మీద కూడా వాళ్ళకు కమీషన్ కావాలి. అమ్ముడుపోయాక డబ్బు వెంటనే చేతికి రాదు, వారం రోజులు వాళ్ళ దగ్గరే పడుకుంటుంది. వాపసు లేదని మనం ముందే నొక్కి ఉంటే తప్ప, ఆ వారంలో కొన్నవాళ్ళకు నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు. ఫొటోలో చూపించినట్టు లేదన్నారంటే రానూపోనూ పోస్టు ఖర్చు మనదే, ముందు కోసిన కోతల్లో కొన్ని తిరిగి రావు. ఇదంతా చదివి నేను మా ఆయన మీద అరిచాను, ఆయనకేమీ సంబంధం లేకపోయినా. అన్నిటికంటే నాకు మంటపుట్టించిన సంగతి వేరే ఉంది. మనసు మార్చుకునే హక్కు కొన్నవాళ్ళకే ఉంది, అమ్మినవాళ్ళకు లేదు. అమ్మినవాళ్ళకు తెల్లారి దుఃఖం రాదా?

మేముండేది కారేపల్లిలో. అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆమె ఒళ్ళో ఎప్పుడూ ఒక వక్కల సంచి ఉంటుంది, సాయంత్రమైతే ఆ సంచితో వాకిలికి ఎదురుగా కూర్చుంటుంది. చీకటి పడ్డా వీధి తలుపు గడియ పెట్టనివ్వదు. దోమలు వస్తున్నాయని నేను సణుగుతాను, ఆమె వినబడనట్టు వక్క కొరుకుతుంది. రోజూ ఇదే తంతు.

ఆమెకున్న సొమ్మల్లా ఒక వెండి రూపాయి. రాజు తల ఉన్న పాత రూపాయి. వాళ్ళమ్మ మెడలో అలాంటి బిళ్ళల దండ ఉండేదట, ఆమె పోయాక అక్కచెల్లెళ్ళు తలా ఒకటి పంచుకున్నారు. దారం ఎక్కించడానికి బిళ్ళ పైన చిన్న వెండి రింగు అతికించి ఉంది. తరాల మెడల మీద అరిగి రాజుగారి ముక్కు చదునైపోయింది. దాన్ని ఒకరోజు నా ముందు పెట్టి అమ్మిపెట్టమంది.

ఎందుకో నాకు తెలుసు. మామయ్యను ఊరి బయట చేల పక్కనున్న సమాధుల దొడ్డిలో పెట్టాం. మట్టిదిబ్బ, ఒక కర్ర సిలువ, అంతే. ఒక వానకు సిలువ పడిపోయింది, ఇంకో వానకు దిబ్బ జారిపోయింది. పోయిన సమాధుల పండుగ రోజు మేము వెళ్ళేసరికే అత్తమ్మ ముందుగా వెళ్ళి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ఏడుస్తూ కూర్చుంది. అది మామయ్యది కాదు; కాసేపటికి ఆ సమాధి తాలూకు వాళ్ళు వచ్చారు. పాపం, వాళ్ళు పక్కకు జరిగి నిలబడ్డారు. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని పక్క దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాడు. అత్తమ్మ ఆ పూలను తీయనివ్వలేదు, కొత్త పూలూ అడగలేదు. వట్టి చేతులతో మామయ్య దగ్గర కూర్చుంది. ఆ రోజు ఆమె ముఖం చూడలేకపోయాను.

"మీ మామ మట్టిల కలిసి జాడ లేకుంట పోతుండు బిడ్డా. వానలు పడకముందే పేరు రాసిన రాయి ఎయ్యాలె. నా సొమ్ముతోనే ఎయ్యాలె," అంది.

కొడుకు వేయిస్తానంటే వద్దంది, నేను వేయిస్తానంటే నా జీతం పిల్లల చదువుకంది. మొండితనంలో ఆమెకు నేను తీసిపోను గానీ, ఆ విషయంలో ఓడిపోయాను. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి సైటులో పెట్టాను. నిజానికి రింగు అతికించిన బిళ్ళను నాణేలు సేకరించేవాళ్ళు ముట్టుకోరు. కానీ పల్లెల పాత నగలు సేకరించే ఒకాయన ఎక్కడో దూరపు నగరం నుంచి అడిగాడు. ఆయనకు బిళ్ళ కంటే ఆ రింగే ముద్దు. మంచి ధరే చెప్పాడు. రాయి చెక్కే మేస్త్రికి కబురు కూడా పెట్టేశాం.

పంపే రోజు పొద్దున అత్తమ్మ తన చేత్తోనే పొట్లం కడతానంది. నేను డ్యూటీ హడావుడిలో ఉన్నాను. నా స్నానం అయ్యేసరికి పాత చీర ముక్కలో చుట్టి, దారంతో బిగించి, నా చేతిలో పెట్టింది. దాన్ని అలాగే అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, ఖమ్మంలో పోస్టు చేసి బస్సెక్కాను.

ఆ తర్వాత రోజులు కలలాగే గడిచాయి. నేను భద్రాచలం వైపు పోతుంటే బిళ్ళ ఇంకో వైపు పోతోంది. అడవిలో కునుకు పట్టినప్పుడు రాజుగారు ఏదో రైలు పెట్టెలో చీర ముక్క కప్పుకుని, చదును ముక్కుతో గుర్రు పెడుతున్నట్టు అనిపించేది. సిగ్నల్ రాగానే ఎక్కడున్నాడో చూసేదాన్ని. గోదావరి వంతెన మీదికి బస్సు రాగానే నిద్రపోతున్నవాళ్ళంతా లేచి, దండం పెట్టుకుని, కిటికీల్లోంచి రూపాయలు విసిరేవాళ్ళు. బిళ్ళలు ఎండలో ఒక్క క్షణం మెరిసి నీళ్ళలోకి పోయేవి. ఇచ్చేటప్పుడు ఎవరి ముఖంలోనూ బెంగ ఉండదు. నేను కూడా అలా ఇవ్వగలనా అని ఆలోచించుకునేదాన్ని. ఇంటికొచ్చాక అత్తమ్మ డబ్బు సంగతి అడిగేది కాదు.

"ఏడిదాక పోయింది?" అని అడిగేది. ఊరి పేరు చెబితే, ఆ ఊరు తను చూసినట్టే తలూపేది.

బిళ్ళ చేరిందని తెలిసిన మర్నాడే ఆ నగలాయన ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. ఫొటోలో ఉన్న రింగు లేదు, దాన్ని ఎవరో కత్తిరించారు, అక్కడ గాటు పడింది, ఇది నాకు వద్దు, వెనక్కి పంపుతున్నాను. సైటు వాళ్ళు కూడా ఆయన మాటే నిజమన్నారు. నేను బస్టాండులో బల్ల మీద కూర్చుని ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. రాజుగారి నెత్తి మీద తెల్లటి మచ్చ ఉంది. పోస్టులో దొంగతనం జరిగిందనుకుని, తిట్లన్నీ సిద్ధం చేసుకుని ఇంటికి పోయాను.

అత్తమ్మ తాపీగా వక్కల సంచిలోంచి రింగు తీసి చూపించింది. అడకత్తెరతో తనే కత్తిరించిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. రింగు కోసమే కదా ఆయన కొన్నది, పోస్టు ఖర్చులు నా నెత్తిన పడ్డాయి, రాయి లేదు, మేస్త్రి లేడు, వానలు ముంచుకొస్తున్నాయి అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె అంతా విని, ఏమీ తెలియని పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"గొడ్డునమ్మితే తలుగిస్తరా ఎవరన్న? తలుగు మనకాడ ఉంటే అది తోవ మర్సిపోదు."

పశువు మెడకు కట్టే తాడును మావైపు తలుగు అంటారు. పశువును అమ్మినా ఆ తాడు మాత్రం ఇంట్లోనే ఉంచుకుంటారు, ఇస్తే ఇంటి కలిమి కూడా దానితో పోతుందని. మామయ్య ఒకసారి ఎర్రుపాలెం రైతుకు ఎద్దును అమ్మాడట. తలుగు ఇంటి గుంజకే ఉండిపోయింది. కొన్నాళ్ళకు తెల్లవారుజామున అత్తమ్మ వాకిలి ఊడుస్తుంటే మంచులోంచి ఎద్దు నడిచొచ్చి, గుంజ దగ్గర నిలబడి, ఆ తాడును వాసన చూసిందట. ఒంటి నిండా పల్లేరుకాయలు. అంత దూరం ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. మామయ్య ఏడ్చాడట. మాట మాటే కాబట్టి, దాన్ని మళ్ళీ ఎర్రుపాలెం తోలుకెళ్ళి, ఈసారి తలుగు కూడా రైతు చేతిలో పెట్టి వచ్చాడు.

"మళ్ళ రాలే," అంది అత్తమ్మ.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ రాత్రి కలలో మంచులో ఒక ఎద్దు మా బస్సు ముందు నడుస్తూనే ఉంది.

బిళ్ళ తిరిగొచ్చింది. కోతలన్నీ నా ఖాతాలోంచి పోయాయి. చీర ముక్క విప్పి దాన్ని చేతిలో పెడితే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. చూసినవా, వచ్చింది అన్నట్టు నా వైపు ఒక చూపు చూసింది. చాలా రోజులు దాన్నీ రింగునీ పక్కపక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. రాయి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తితే ఏమవుతుందో అని భయమేసింది.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, వాన పడకుండానే వెళ్ళిపోయింది. అత్తమ్మ లేచి ఒక్కతే సమాధుల దొడ్డికి పోయి వచ్చింది. వచ్చి, బిళ్ళనూ రింగునూ కలిపి నా అరచేతిలో పోసింది.

"తలుగు గూడ ఇచ్చెయ్," అంది.

వెండి పని చేసే ఔసలాయన చేత రింగు అతికింపించాను. మచ్చ దాచలేదు, దగ్గర నుంచి ఫొటో తీశాను. ఆ నగలాయనకు ఎద్దు కథంతా ఫోన్ సాయంతో ఇంగ్లీషులో రాసి పంపాను. ధర కొంచెం తగ్గిస్తే మళ్ళీ కొంటానన్నాడు. సైటులో వాపసు తీసుకుంటారా అని అడిగే చోట, లేదు అని నొక్కే ముందు అత్తమ్మను అడిగాను. ఇది నొక్కితే ఇక వెనక్కి రాదని చెప్పాను. నొక్కమంది. ఈసారి పొట్లం నన్నే కట్టమంది.

కోతలు పోను మిగిలింది రాయికి సరిపోయింది. చిన్న నల్లరాయి, దాని మీద మామయ్య పేరు, ఊరు పేరు. మేస్త్రి సిమెంటు పరిచి రాయి ఎత్తబోతుంటే అత్తమ్మ ఆగమంది. వక్కల సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి ఒక నల్లటి తాడు తీసింది. నడుముకు కట్టుకునే మొలతాడు. చర్చిలో చేరాక కూడా మామయ్య అది మాత్రం విడవలేదు. ఆఖరి స్నానం చేయించినప్పుడు దాన్ని తెంపారు, నాకు గుర్తుంది. గోతిలోనే వేశారనుకున్నాను.

"గిది నాకాడ ఉంటే వస్తడనుకున్న బిడ్డా," అంది అత్తమ్మ, నా వైపు చూడకుండా.

మేస్త్రి రాయిని ఒక పక్కకు ఒరిగించి పట్టుకున్నాడు. ఆమె మోకాళ్ళ మీద వంగి, తాడును చుట్టచుట్టి తడి సిమెంటులో పెట్టి, అరచేత్తో అదిమింది. నేను ఏడుపు ఆపుకోలేదు.

ఆ సాయంత్రం వాన వచ్చింది. దీపాలు పెట్టే వేళకు అత్తమ్మ తనే లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టింది.