మూడుసార్లు నింపిన గ్యాసు

ఆ వేసవిలో మాకు జరిగిన అన్యాయాలు నా నోటు పుస్తకంలో ఈ వరుసలో ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాస్తున్నాను.

ఏప్రిల్ 6. ఏసీ చల్లబరచడం లేదు. కొన్న దుకాణానికి, అంటే జనగామకు, ఫోను చేశాను. ఈ రోజే మనిషిని పంపుతామన్నారు.

ఏప్రిల్ 11. మనిషి వచ్చాడు. గ్యాసు పోయిందన్నాడు. గ్యాసుకు పద్దెనిమిది వందలు, సర్వీసుకు నాలుగు వందలు, రాకపోకలకు ఆరు వందలు. రశీదు మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానన్నాడు.

ఏప్రిల్ 12. మధ్యాహ్నం రెండు గంటలకల్లా గది మళ్లీ పొయ్యి.

ఏప్రిల్ 23. వేరే మెకానిక్. మొదటివాడు గ్యాసు సరిగా నింపలేదన్నాడు. ఆ మొదటివాడు ఎవరని అడిగితే తన బావమరిదే అన్నాడు. మళ్లీ అవే ధరలు. రశీదు లేదు.

మే 4. మూడో మెకానిక్. గ్యాసు, కెపాసిటర్, రాకపోకలు. వీటిపైన "బంద్ చార్జీ" రెండు వందలు. బంద్ జరిగింది ముందు రోజు. ఆ రోజు దుకాణం షట్టరుకు బంద్‌కు మద్దతుగా బ్యానరు కట్టి, యజమాని హాయిగా ఇంట్లోనే ఉన్నాడు.

మే 5. యంత్రం అరగంట నడిచి ఆగింది. అమ్మాయి తడి తువ్వాలు మెడకు చుట్టుకుని వరండాలో కూర్చుంది.

అమ్మాయి అంటే మా కూతురు. తొలి కాన్పుకు భూపాలపల్లిలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన మొదటి వారం సుఖంగానే పడుకుంది. ఆ తర్వాత పగలూ లేదు, రాత్రీ లేదు, నిద్ర అన్నది లేదు. ఆ ఏడాది నాలుగు చినుకులు పడడం, వెంటనే ఎండ కాయడం, నేలలోంచి ఆవిరి లేవడం రోజూ ఉండేది. పంకా తిరిగితే వేడి గాలే ముఖాన కొట్టేది. కాళ్లు వాచాయి. దవాఖానలో డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఈమెకు మందులు అవసరం లేదు, నిద్ర అవసరం" అని చెప్పింది. ఆ మాటను కూడా తేదీ వేసి రాసుకున్నాను. ఆమెకు నిద్ర సంపాదించి పెట్టడం ఆ వేసవిలో నాకున్న ఒకే ఒక్క పని.

ఏసీని జనగామలో ఎందుకు కొన్నానని మా ఇంటామె ఆ రోజుల్లో పూటకొకసారి అడిగేది. జనగామ నేను పుట్టిన ఊరు. ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఆ దుకాణదారు నన్ను "మనూరోడు" అన్నాడు. అంతకుమించిన కారణం నా దగ్గర లేదు.

మే 6న ఆయనకు ఫోను చేశాను.

"మూడుసార్లు గ్యాసు నింపిన్రు. మూడుసార్లు పోయింది. ఏ పొక్కల నుంచి పోతున్నదో చెప్పున్రి."

"గ్యాసంటె గాలసొంటిది సారూ. ఉండుమంటె ఉంటదా?"

"వేరేటోళ్ల ఇంట్ల ఉంటలేదా?"

"మీ భూపాలపల్లి ఎండ అసొంటిది. జర ఓపిక పట్టున్రి. రాష్ట్రం రానియ్యున్రి, అన్ని మంచిగైతయ్."

"రాష్ట్రమొస్తె నా గ్యాసు ఎల్లిపోదా?"

అటువైపు నవ్వు వినిపించింది. ఫోను పెట్టేశాడు. సంభాషణ రెండు నిమిషాల పది సెకన్లు సాగింది.

మే 9న మా వీధి చివర పెద్ద రోడ్డు మీద వంటావార్పు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న ఆ రోజుల్లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే పంక్తి కూర్చుని తినడం అందరికీ అలవాటైన నిరసన. డప్పులు మోగుతున్నాయి. గని కార్మికులు, టీచర్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. నీళ్లకు దగ్గరి బోరు మాదే కాబట్టి ఉదయం నుంచి మా పెరట్లో బిందెల వరుస.

ఆ వరుసలో గాలి పంకా ఆపరేటరు వచ్చాడు. మహబూబాబాద్ దగ్గరి తండా మనిషి. భూగర్భ గనిలోకి గాలి పంపే పెద్ద పంకాను నడపడం అతని ఉద్యోగం. ఆ రోజు విధులు బహిష్కరించి బగారన్నం వండే బాధ్యత తీసుకున్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని వాళ్ల అమ్మతో లంబాడీలో మాట్లాడుతూ బిందె నింపుతున్నవాడు, గోడకున్న ఏసీ బయటి పెట్టెను చూసి ఫోను ఆపేశాడు.

"సారూ, గీ డబ్బకు అంగి ఎవలు తొడిగిన్రు?"

బొగ్గు దుమ్ము ఎరిగినవాళ్లకు ఇందులో వింత కనబడదు. మా ఊళ్లో టీవీకి ముసుగు, మంచినీళ్ల బిందెకు ముసుగు, కుట్టు మిషనుకు ముసుగు, స్కూటరుకు ముసుగు. ఉదయం తుడిచిన కిటికీ మీద సాయంత్రం వేలితో పేరు రాయవచ్చు. మార్చి నెలాఖరున మా ఇంటామె పాత సామాన్ల అంగడిలో మందపాటి గుడ్డ కొని, ఆ పెట్టెకు నాలుగు వైపులా సరిపోయేలా కుట్టి, ఏడు నాడాలు పెట్టింది. చక్కని పనితనం. రెండో మెకానిక్ దాన్ని విప్పి, పని చేసి, మళ్లీ ఏడు ముడులూ వేసి, "అవ్వా, మంచిగ కుట్టినవ్" అని మెచ్చుకుని మరీ వెళ్లాడు.

"మా ఇంటామె కుట్టింది. దుమ్ము పడకుండ," అన్నాను.

అతను గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది బ్రాటిస్ గుడ్డ గద!"

బ్రాటిస్ గుడ్డ అంటే గని లోపల గాలిని ఒకవైపు పోకుండా ఆపి, ఇంకోవైపు మళ్లించడానికి పరదాలా కట్టేది. గని కార్యాలయంలో నేను హెడ్ క్లర్కుగా ఉండగా ఆ గుడ్డ తెప్పించమని కోరే ఇండెంట్లు కొన్ని వందలు నా చేతి మీదుగా వెళ్లాయి.

"లోపల గాలి ఆపాల్నంటె మేం గిదే కడ్తం సారూ. మీరు గాలి మిషన్‌కు గిదే కట్టిన్రు. ఇగ అది ఊపిరెట్ల తీస్కుంటది? వేడి బయటికెట్ల పోతది?"

మా ఇంటామె చేతిలోని చెంబు కింద పెట్టింది. కుట్టింది తానేనన్న సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తున్నట్టు లేదు.

"ముప్పై ఒక్క ఏండ్లు గా గుడ్డకు కాయిదాలు రాసినవ్. అదేం జేస్తదో ఒక్కనాడన్న అడుగలే?"

"మీటర్లు రాసిన. రేటు రాసిన," అన్నాను.

"మంచిగ రాసినవ్!"

పదకొండు గంటల నలభై నిమిషాలకు ముసుగు విప్పాం. ఆపరేటరు పెట్టె రెక్కల మీద పేరుకున్న నలుపును నీళ్లతో కడిగాడు. ఏసీ రెండు గంటలు ఆగకుండా నడిచింది. గది చల్లబడింది. అయినా రుజువు లేనిదే దేన్నీ నమ్మకూడదు కాబట్టి ముసుగు మళ్లీ కట్టాను. ముప్పై ఐదు నిమిషాల్లో యంత్రం ఆగింది. విప్పాను. కాసేపటికి నడిచింది. రెండోసారి కట్టబోతుంటే లోపలి నుంచి మా ఇంటామె కేక:

"ఇగ సాలు నీ పరీక్షలు! బిడ్డ ఉడికిపోతున్నది!"

కబురు రోడ్డు మీదికి పాకింది. పంక్తిలో కూర్చోవలసిన ఆడవాళ్లు విస్తళ్లు పట్టుకుని మా పడకగదికి వచ్చారు. మంచం చుట్టూ పదకొండు మంది కూర్చుని బగారన్నం, వంకాయ కూర తిన్నారు. ఒకావిడ కొడుకు పెళ్లి చూపుల సంగతి మొదలుపెట్టింది. ఇంకొకావిడ పోలీసు జీపుకు పొయ్యి అడ్డం పెట్టిన వైనం చెబితే గది గదంతా నవ్వింది. ఆ నవ్వుల నడుమ మా అమ్మాయి గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయింది. మొదట చూసింది కూరగాయలమ్మే అవ్వ.

"సప్పుడు జెయ్యకున్రి. పోరి పండుకున్నది," అంది.

పదకొండు మందీ విస్తళ్లు ఎత్తుకుని మునివేళ్ల మీద బయటికి నడిచారు. ఎవరో వెళ్లి చెప్పగా రోడ్డు మీద డప్పులు కూడా నాలుగిళ్లు అవతలికి జరిగాయి. అమ్మాయి సాయంత్రం ఆరున్నరకు లేచి ఆకలి అంది.

ఆపరేటరును చార్జీ ఎంతని అడిగాను.

"బంద్ చార్జీ రెండు నూర్లు," అన్నాడు గంభీరంగా. తర్వాత నవ్వి, మామిడికాయ తొక్కు ఒక సీసా పట్టుకుపోయాడు.

ఆ తర్వాత ఏసీ ఆగలేదు. దాని ఖర్చు ఆదివారానికి ఒక బకెట్ నీళ్లు. జూన్ మొదటి వారంలో మనుమరాలు పుట్టింది. తల్లి కడుపులో పోగొట్టుకున్నదంతా రాబట్టుకునేదానిలా పగలంతా నిద్రపోయేది.

మే 10న జనగామ దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన లేఖకు నేటికీ జవాబు లేదు. అందులోని చివరి పేరాను, నా హక్కులేవీ వదులుకోకుండా, ఇక్కడ తిరిగి దాఖలు చేస్తున్నాను:

"ముసుగు కట్టింది మేమేనని ఒప్పుకుంటున్నాను. తప్పులో మా భాగం మాది. అయితే తమరు పంపిన ముగ్గురూ ఆ ఏడు ముడులూ తమ చేతులతో విప్పి, తమ చేతులతోనే తిరిగి కట్టారు. యంత్రం ఆగడానికి కారణం ఆ గుడ్డేనని వారికి తెలుసునా, తెలియదా? తెలిసి ఉంటే మూడుసార్లు గ్యాసు ఎందుకు నింపారు? తెలియకపోతే ఏ అర్హతతో వచ్చారు? నిండు నెలల ఆడబిడ్డకు ముప్పై మూడు రోజుల నిద్ర దూరమైంది. దానిని తమరు ఏ చార్జీ కింద చూపుతారు? ఫోనులో చెప్పినది జవాబుగా స్వీకరించబడదు. ఈ లేఖ అందిన పదిహేను రోజుల లోపల, సంతకంతో, ముద్రతో, వ్రాతపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."