యాప్ విన్న తంబురా

మా వదిన రత్నమాల తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరు. తండ్రి దగ్గర మృదంగం నేర్చుకుంది కానీ, పేరంటాల్లో తప్ప బయట వాయించింది లేదు. అలాంటిది మొన్న కొల్లేటికోట గుడి ఉత్సవంలో గాయకులు శివరామయ్యగారి కచేరీలో వాయించమని పిలుపొచ్చింది. ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశాం! ఆయన మాత్రం ముందే తేల్చేశారు.

"శ్రుతి కలిస్తేనే వేదిక ఎక్కండమ్మా. లేకపోతే గణపవరం మృదంగం ఆయన్ని పిలిపించుకుంటాను."

వదిన ఒక చిన్న పరికరం కొనుక్కుంది. మృదంగం అంచుకు తగిలిస్తే, తోలు అదురును బట్టి శ్రుతి ఎంతుందో చూపిస్తుంది. మా అన్నయ్య మురళీకృష్ణకు అది గిట్టలేదు. తనకు ఫోనే దేవుడు.

"యాప్ ఉండగా ఆ డబ్బా ఎందుకే?" అంటూ దారి పొడుగునా సాధించాడు. వెనకసీట్లో నా బుర్ర వాచిపోయింది.

కొల్లేటి చెమ్మకు తోలు వదులైపోయింది. వేదిక వెనక అన్నయ్య ఫోన్లో తంబురా మోగించి, అదే ఫోన్లో శ్రుతి చూసే యాప్ తెరిచాడు. వదిన వాయించింది. పచ్చదీపం!

"కలిసింది, పద!"

"ఏవండీ, ఇందులో తక్కువ చూపిస్తోందండీ," అంది వదిన, ఎర్రగా వెలిగిన పరికరం చూపిస్తూ.

"అది పాడైపోయిందే!"

ఇంతలో ఉత్సవ కమిటీ సత్తిరాజుగారు వచ్చారు. "గణపవరానికి ఫోన్ చెయ్యమంటారా అని శివరామయ్యగారు అడుగుతున్నారండీ."

వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూలబడింది. అప్పుడు చూశాను. మృదంగం మూగగా ఉంది. పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది!

"అన్నయ్యా! ఎవరూ వాయించడం లేదు. మరి నీ యాప్ ఏం వింటోందిరా?"

ఇంకేం వింటుంది, పక్కనే మోగుతున్న తన తంబురానే! తన పాట తానే విని భేష్ అనుకుంటోంది. వదినకు నవ్వాగలేదు. ఫోన్ నోరు నొక్కేసి, తోలు బిగించే గుండ్రాయితో మృదంగం అంచు చుట్టూ తట్టింది. పరికరంలో ఎరుపు పచ్చగా మారింది. శివరామయ్యగారు వచ్చి ఓసారి రాగం తీసి, వదిన వేసిన దెబ్బ విని తలాడించారు.

కచేరీ మధ్యలో ఆయన పాట ఆపి, "ఇక మీరొక్కరే వాయించండమ్మా," అన్నారు. వదిన వాయించింది చూడండీ! నాకు ఒళ్లు పులకరించి ఏడుపొచ్చేసింది.

వేదిక దిగుతుంటే శివరామయ్యగారు అడిగారు. "వచ్చే నెల ఏలూరులో కచేరీ ఉంది. వస్తారా?"

పుట్టింటికి వెళ్లాలన్నా అన్నయ్య మొహం చూసే మనిషి మా వదిన.

అటు తిరగనైనా లేదు. "వస్తానండీ," అంది.