ముగ్గు లేని వాకిట్లో కనకాంబరాలు

మొన్న మదనపల్లె బజారులో మల్లెలు కొనబోతే, పూలమ్మే ఆమె ఢిల్లీ కనకాంబరాల బుట్ట ముందుకు జరిపి, “నాటురకం ఇంగ యాడా లేదమ్మా, అందరూ పీకేసినారు” అంది. నాకు ఒళ్ళు మండింది. మా పెరట్లో నాలుగు సాళ్ళు ఉన్నాయి, వచ్చి చూసుకోమని చెప్పి వచ్చేశాను. ఢిల్లీ రకం పువ్వు పెద్దదే, కాదనను. కానీ దానికి విత్తనం పట్టదు, కొమ్మ కొనితెచ్చి నాటుకోవలసిందే. విత్తనం మన చేతిలో లేని చెట్టును నేను మన చెట్టని ఒప్పుకోను, ఎవరేమన్నా సరే.

ఈ మొండితనం మా అమ్మమ్మది. ఆమెను మేము అవ్వా అని పిలిచేవాళ్ళం. పుంగనూరు పక్క పల్లెలో ఆమె ఇంటి వెనక కనకాంబరాల మడి ఉండేది. నీళ్ళు నిలవకుండా కట్టలు పోసి, మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకుండా చుట్టూ అవిసె చెట్లు వేసి, చంటిపిల్లను సాకినట్టు సాకేది. ఒక ఏడు వానలు విడవకుండా కురిసి, వేరు కుళ్ళి మడంతా ఎండిపోయింది. మిగిలిందల్లా పిడతలో దాచిన ఎండుకాయలే.

ఎండిన కనకాంబరం కాయ తడి తగిలితే టప్పున పగిలి గింజలు ఎగజిమ్ముతుందని మన వయసు వాళ్ళకు చెప్పాలా? ఏడేళ్ళ నేను ఆ పిడత వాకిట్లోకి తెచ్చి, కాయలన్నీ నేలమీద పరిచి, చెంబెడు నీళ్ళు పోసి చప్పట్లు కొట్టాను. అవ్వ వచ్చి చూసి నన్ను కొట్టలేదు. ఆ పూట నుంచీ వాకిలి ఊడ్వకూడదంది, కల్లాపి చల్లకూడదంది, ముగ్గు పెట్టకూడదంది. రోజూ చేత్తో నీళ్ళు మాత్రం చిలకరించేది.

ముగ్గు లేని ఇల్లంటే చావు జరిగిన ఇల్లనే కదా లెక్క. పైగా అదే నెలలో మా పిన్నిని చూడడానికి కుప్పం నుంచి పెళ్ళివారు వస్తున్నారు. ఆ ఒక్క రోజైనా ముగ్గు పెట్టనీమని మా మేనమామ ఎంతగానో బతిమాలాడు.

“సంబంధం పోతే ఇంగోటి వస్తాది. ఈ ఇత్తనం పోతే యాడ తెచ్చేదప్పా?” అంది అవ్వ.

పెళ్ళివారు వచ్చి వీధిలోనే ఆగిపోయారు. పిన్ని తలుపు చాటున ఏడుస్తోంది. పెళ్ళికొడుకు తల్లి మొహం ముడుచుకుని, “ఇంట్లో ఏమన్నా కీడు జరిగిండాదా? ముగ్గు యాల లేదు?” అని అడిగింది.

“కీడేమీ లేదమ్మా. నారు మొలస్తాండాది. గోడవార నడిచి రాండి” అంది అవ్వ, కాస్తయినా తగ్గకుండా.

పెళ్ళికొడుకు తల్లి వంగి చూసింది. సూదిమొనలంత మొలకలు నేలంతా పచ్చగా లేస్తున్నాయి. ఏమనుకుందో గానీ, చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు పైకి పట్టుకుని గోడవార నడిచింది. మిగిలినవాళ్ళు ఆమె వెనకే వరసగా వచ్చారు. పిన్ని ఆ ఇంటికే కోడలయింది. మరుసటేడు ఆ అత్తగారే అడిగి మరీ పిడతెడు కాయలు కుప్పం పట్టుకుపోయింది.

ఇంత చేసిన అవ్వ తాత పోయిననాటి నుంచీ తలలో ఒక్క పువ్వు పెట్టుకోలేదు. పెట్టుకోనప్పుడు ఇంత చాకిరీ ఎందుకని ఒకసారి అడిగాను. “పెట్టుకోవద్దన్నారు గానీ, పెంచొద్దని ఎవురూ అన్లేదు కదమ్మా” అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆమె పోయిన రోజు నేను మడిలోకి పోయి పూలు కోసి, మూరెడు మాల కట్టి, ఆ తెల్లని ముడిలో తురిమాను. పెద్దలు గొణిగారు, తీసెయ్యమన్నారు. తియ్యలేదు.

మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. నేను రోజూ పూలు పెట్టుకుని బజారుకు పోతాను, ఎవరూ ఏమీ అనరు. కాలం మారిందనే అంటాను. అవ్వకు మాత్రం తాను పెంచిన పువ్వు పెట్టుకోవడానికి చచ్చిపోవలసి వచ్చింది.