వడియం ఎత్తుకెళ్లిన సాలీడు

మొన్న మా ఇంట్లో ఓ దొంగను పట్టుకున్నాను. ప్రాణాలతో, దొంగసొత్తుతో సహా. అయినా సరే, ఇప్పుడు మా చుట్టాల్లో దొంగ ఎవరని అడిగితే అందరూ నా పేరే చెప్తున్నారు. ఎలాగంటారా? టీ చల్లారేలోగా చెప్పేస్తాను, కూర్చోండి.

అరకులో నాదో చిన్న సెల్ షాపు. రీఛార్జీలు, కవర్లు, స్క్రీన్ గార్డులు. షాపు వెనకే ఇల్లు. చలికాలం మా దగ్గరుండి వెళ్దామని మా అత్తగారు ఎస్.కోట నుంచి వచ్చారు. ఆవిడ ఇక్కడుండగానే మా మరదలి సీమంతం ముహూర్తం కుదిరింది. చోడవరంలో వియ్యాలవారింటికి సారె పట్టుకెళ్లాలి. పెళ్లప్పుడు వియ్యపురాలు సారె పళ్లేలు చూసి, వడియాలు రుచి చూడ్డానికే తెచ్చారా అందిట. అత్త ఆ మాట మర్చిపోలేదు. ఈసారి పళ్లెం నిండి పొర్లాల్సిందే, అదీ తన చేత్తో పెట్టిన సగ్గుబియ్యం వడియాలతోనే!

ఇక్కడ ఎండ ఎక్కడుందండీ? మంచుకి పొద్దెక్కేదాకా ఎదురిల్లే కనబడదు. పక్కింటివాళ్లు కాఫీ గింజలు ఆరబోసుకోడానికే సూర్యుడి కోసం కాచుక్కూర్చుంటారు. అందుకని అత్త వడియాలన్నీ ముందుగదిలో మంచం మీద, పాత పంచె పరిచి పెట్టారు. పైన ఫ్యాన్. నేను షాపుకి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా ఆ మంచం పక్కనుంచే దారి.

ఇక సగం ఆరిన వడియం సంగతి మీకు చెప్పాలా! పైన పెళుసు, లోపల మెత్తన. ఉప్పు, పచ్చిమిరప, జీలకర్ర. వెళ్తూ ఒకటి, వస్తూ ఒకటి లాగేవాణ్ణి. ఫోను ఇంట్లో మర్చిపోయానని ఊరికే రావడం కూడా మొదలెట్టాను. చిక్కేమిటంటే, వడియం లేచిన చోట పంచె మీద గుండ్రంగా మరక ఉండిపోతుంది. అంచు చుట్టూ మరకలే మరకలు.

ఓ సాయంత్రం అత్త అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అడిగారు. "బాబూ, ఈ ఇంట్లో ఎలకలున్నాయేటి?"

ఉన్నాయత్తా, కొండ ఎలకలు, మహా గడుసువి అన్నాను. మా ఆవిడ పార్వతి నా వంక చూసి, "ఆ ఎలక్కి మీసాలు కూడా ఉన్నాయమ్మా" అంది. నేను తల వంచుకుని అన్నం కలుపుకోవడంలో పడ్డాను. పెళ్లయినప్పట్నుంచీ అత్త ఊళ్లో అందరికీ మా పెద్దల్లుడు బంగారం అని చెప్పుకుంటారు. ఆ బంగారం కాస్తా వడియాల దగ్గర గిల్టుగా తేలిపోతే ఇంకేం మిగులుతుంది!

మర్నాడు మధ్యాహ్నం దేవుడే పంపినట్టు అది కనబడింది. మంచం పక్క గోడ మీద, అరచేయంత సాలీడు! మామూలుగా అయితే అటువంటిదాన్ని చూస్తే నేను గుమ్మం దాటి గానీ కేక వెయ్యను. కానీ దాని పొట్ట కింద ఏముందో తెలుసా? తెల్లగా, గుండ్రంగా, పల్చగా ఒక బిళ్ల. అచ్చం వడియం! కాళ్లతో పొదివి పట్టుకుని పోతోంది.

భయం ఎటు పోయిందో తెలీదు. స్టీలు గ్లాసు బోర్లించి, కిందనుంచి కేలండర్ అట్ట దూర్చి, ఆవకాయ అయిపోయిన ప్లాస్టిక్ సీసాలో పడేశాను. దొంగైనా గాలి ఆడాలి కదా అని మేకు కాల్చి మూతకి బెజ్జాలు కూడా పెట్టాను. ఆ బెజ్జాలు గుర్తుంచుకోండి.

తర్వాత ఫోన్లో యాప్ తీశాను. ఫొటో తీస్తే పురుగు పేరు చెప్తుందన్నమాట. మొదటి ఫొటో మసగ్గా వచ్చింది, పీత అంది. రెండోసారి హంట్స్‌మన్ స్పైడర్ అని వచ్చింది. కింద ఇంకా చాలా రాసుంది గానీ, అంత ఓపిక ఎవరికి? ఇద్దర్నీ పిలిచి సీసా పైకెత్తి చూపించి, ఇదిగో మీ ఎలక, దీన్ని వేటగాడు సాలీడు అంటారు, సొత్తు ఇంకా దాని దగ్గరే ఉంది అన్నాను.

"వేటగాడికి వడియాలెందుకు?" అంది పార్వతి.

రోజూ బొద్దింకలు తింటే మొహం మొత్తదా అన్నాను. అత్త కళ్లజోడు పెట్టుకుని సీసా చుట్టూ తిరిగి చూశారు. ఆవిడ మొహం చిన్నబోయింది. "నిన్ను అనుమానించాను బాబూ. కళ్లు పోతాయి నాకు" అన్నారు. ఆ రాత్రి నాకోసం నాటుకోడి వండారు. తినేటప్పుడు కొంచెం సిగ్గేసిన మాట నిజమే. రెండో ముక్క దగ్గరకొచ్చేసరికి పోయింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఇలాంటివి ఒంటరిగా ఉండవత్తా, దీనికి కుటుంబం ఉంటుంది, ఇంకా వడియాలు పోతాయి చూడండి అని జోస్యం కూడా చెప్పేశాను. ఎందుకంటే నాకు తెలుసు కదా, పోతాయని! మిగతా దొంగలకి బుద్ధి రావాలని సీసాని మంచం పైన అలమారలోనే పెట్టించాను. ఓ బొద్దింకను పట్టి లోపల వేస్తే ముట్టలేదు. చూశారా, కడుపు నిండా వడియాలే అన్నాను. అత్త తలూపారు.

వడియాలు ఆరడానికి చాలా రోజులే పట్టింది. డబ్బాల్లోకి ఎత్తే రోజు పొద్దున్న నేను షాపు షట్టర్ తీస్తున్నాను. లోపల్నుంచి పార్వతి కేక. పరిగెత్తాను. సీసా మూత బెజ్జాల్లోంచి చిన్న చిన్న సాలీళ్లు ధారగా దిగుతున్నాయి. గోడంతా అవే, పంచె మీదా అవే. సగ్గుబియ్యానికి కాళ్లొచ్చి నడుస్తున్నట్టుంది.

అత్త కళ్లజోడు సర్దుకున్నారు. వాటినే చూస్తూ, "బాబూ, నీ వడియం పిల్లల్ని పెట్టింది" అన్నారు.

ఫోన్ తీసి, ఆ రోజు వదిలేసిన భాగం చదివాను. ఆడది. గుడ్ల సంచిని పొట్ట కింద పెట్టుకుని తిరుగుతుంది. ఆ రోజుల్లో తిండి దాదాపు ముట్టదు. పార్వతి నా భుజం మీదనుంచి చదివి, చివరి వాక్యం అమ్మకి వినపడేలా మళ్లీ చదివింది.

వడియాల మాట ఎత్తుతారనుకున్నాను. ఎత్తలేదు. "కడుపుతో ఉన్న మరదలికి సీమంతం సేత్తూ, కడుపుతో ఉన్న దాన్ని తెచ్చి జైల్లో ఎట్టావా? ఏటి బాబూ ఇది?" అన్నారు. ఆ సీసాని నాచేతే పెరట్లోకి మోయించి, మిరియాల పాదు కింద మూత తీయించారు. అది బయటికొచ్చి కాసేపు నాకేసే చూసిందని నా అనుమానం. పిల్లల్ని కొబ్బరి చీపురుతో దెబ్బ తగలకుండా బయటికి తోలడం కూడా నా డ్యూటీయే. షాపు ఆ పూట తెరవలేదు.

వడియాల్ని దులిపి, మళ్లీ ఆరబెట్టి చోడవరం పట్టుకెళ్లాం. పళ్లెంలో వడియాలు పొర్లడం మాట అటుంచి, మధ్యలో స్టీలు కనబడుతోంది. అత్తకి నావల్ల తలవంపులు వస్తున్నాయని నిజంగానే బాధేసింది. దాంతో నేను జనంలోంచి జారుకుని భోజనాల దగ్గరికి పోయాను. అక్కణ్ణుంచే చూస్తున్నాను, వియ్యపురాలు పళ్లెం చూసి ఆగింది. ఈసారి కూడా వడియాలు తక్కువేనా వదినగారూ అంది.

అత్త ఏమాత్రం తడబడలేదు. "ఏం సెప్పమంటారొదినా, మా అల్లుడింట్లో పెద్ద సాలిపురుగు సేరింది. వడియాలన్నీ అదే తినేసింది."

వియ్యపురాలు ఆశ్చర్యపోయింది. "వడియాలు తినే సాలిపురుగేటి? అదేం రకం?"

"రెండు కాళ్ల రకం వదినా. అరకులో సెల్ షాపు ఉంది దానికి."

అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. నేను సరిగ్గా అప్పుడే, వేయించిన వడియం ఒకటి నోట్లో వేసుకున్నాను. మింగుదామంటే అది కరకరలాడకుండా దిగదు కదండీ.