లాటాయి చేతిలో ఉండగా మారిన నా రాజకీయాలు

మామూలు మనిషి రాజకీయ అభిప్రాయం మార్చుకుంటే మహా అయితే ఒక ఓటు అటుదిటు అవుతుంది. నేను మార్చుకున్నప్పుడు మాత్రం ఒక గాలిపటం తెగింది, ఒక పెద్దాయన పరువు మెటియాబ్రుజ్ డాబాల మీదుగా నది వైపు ఎగిరిపోయింది, మా వర్క్‌షాప్ మొత్తం మొట్టమొదటిసారి ఒకే మాట మీద నిలబడింది. ఆ మాట నా గురించే కావడం నా ఖర్మ.

మాది మెటియాబ్రుజ్‌లో, బెంగాలీవాళ్ల రేవులో క్రేన్లు బాగుచేసే వర్క్‌షాప్. నేను జూనియర్ ఇంజనీరుని. టీ వేళ అక్కడ రెండు బల్లలు, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి తలుపు దగ్గర. కిటికీ బల్లవాళ్లకి బంద్ కార్మికుడి హక్కు. తలుపు బల్లవాళ్లకి బంద్ ఈ ఊరికి పట్టిన జబ్బు. కిటికీ బల్లకి పెద్ద, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఫిట్టరు అప్పారావు బాబాయ్. నాకు ఈ ఉద్యోగం సంగతి చెప్పింది ఆయనే. తలుపు బల్లకి పెద్ద మండల్‌దా. చేరిన రోజే నేను బాబాయ్ పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చున్నానా? బంద్ ఎందుకు న్యాయమో పాయింట్ల వారీగా, ఉపపాయింట్లతో సహా వివరించేవాణ్ణి. మండల్‌దా ఆవులించేవాడు. అది ఆయన సిద్ధాంతానికి ఓటమి అని నేను పొంగిపోయేవాణ్ణి.

తర్వాత నిజంగానే ఒక బంద్ వచ్చింది. మా వీధి దర్జీలు కుట్టిన బట్టల మూటల మీద కూర్చుని, రాని బండి కోసం రోజంతా ఎదురుచూశారు. వాళ్లని చూస్తుంటే నా మొదటి పాయింటు నట్టు వదులైంది. వారం తిరిగేసరికి ఒక్కొక్కటే ఊడి, నేను నిశ్శబ్దంగా తలుపు బల్ల మనిషినైపోయాను. శరీరం మాత్రం కిటికీ దగ్గరే ఉంది.

బాబాయ్‌కి చెప్పే ధైర్యం లేదు. ఆయన రిటైరయ్యే నెల అది. విశ్వకర్మ పూజ కానిచ్చి చెబుదామనుకున్నాను.

పూజ రోజు మా దగ్గర యంత్రాలకు దండలు వేస్తాం, ఖిచిడీ తింటాం, డాబా ఎక్కి గాలిపటాలు ఎగరేస్తాం. రెండు బల్లల మధ్య పందెం తప్పనిసరి. ఇన్నేళ్లలో బాబాయ్ ఒక్కసారి కూడా మండల్‌దా గాలిపటాన్ని కోయలేదు. ఇదే ఆఖరి అవకాశం.

"గుంటడా, లాటాయి నువ్వే పట్టాల," అన్నాడు బాబాయ్, దారం చుట్టిన ఆ చరఖాని నా చేతుల్లో పెడుతూ. "నా దారం బయటోడి సేతికి ఇయ్యను."

ఆకాశంలో రెండు దారాలూ పెనవేసుకున్నాయి. అప్పుడు మండల్‌దా బెంగాలీలో అరిచాడు: "రావ్‌దా! నీ లాటాయి పట్టినవాడు నిన్న నా మాటకి తలూపాడు, తెలుసా? వాడు మావాడైపోయాడు!"

బాబాయ్ ఆకాశం మీంచి కళ్లు తిప్పలేదు. "ఏటిరా ఆడి కూతలు? అబద్దమని సెప్పు!"

పాఠకులారా, "అవును, అబద్ధం" అంటే పోయేది. ప్రాణం మీదికొస్తే ఎవరైనా అంటారు. నేను ఇంజనీరుని.

"పూర్తిగా అబద్ధమని అనలేం బాబాయ్."

"ఏటీ?"

"మూడు కారణాలున్నాయి."

"ఇప్పుడేటిరా కారణాలు! దారం ఒదులు! బేగి ఒదులు!"

"ఒకటి..."

నాకొక అలవాటు. కుడిచేతి వేలితో ఎడమచేతి చిటికెనవేలు ముడవకుండా నేను కారణాలు చెప్పలేను. ఈ పనికి రెండు చేతులూ కావాలి. లాటాయి జారి, పిట్టగోడ మీద ఎగిరి, అవతలికి దూకింది. దారం బాబాయ్ వేళ్లలోంచి దూసుకుపోయి, గోడ అంచుకి ఒరుసుకుని ఫట్‌మంది. గాలిపటం జీతాల రోజు సాయంత్రం ఇంటికెళ్లే మనిషిలా తూలుతూ నది వైపు సాగిపోయింది.

గాలిపటం తెగితే డాబా మీద "భో కాట్టా!" అన్న గెలుపు కేక పుట్టాలి. దానికి బదులు డాబా అంతా నా వైపు తిరిగింది.

"ఒగ్గీసినావా?" అన్నాడు బాబాయ్, ఖాళీ వేళ్లు చూసుకుంటూ.

"ఒగ్గీలేదు బాబాయ్. లెక్కపెట్టాను."

దిక్కుతోచక మండల్‌దా వైపు నడిచాను. "దాదా, ఇక నేను మీవాణ్ణే."

"దూరంగా నిలబడు!" అన్నాడాయన. "ఇన్నేళ్లు ఈయన్ని గాలిలో గెలిచాను. ఇలాంటి గెలుపు తెచ్చిపెట్టమని నిన్నెవడు అడిగాడు? రావ్‌దా, నీ మనిషిని నువ్వే ఉంచుకో."

"నాకెందుకు? మీవాడేనని ఇందాక అరిచావుగా, తీసుకుపో!" అని బాబాయ్ కూడా బెంగాలీలోకి దిగాడు.

"నాకొద్దు!"

"నాకూ వద్దు!"

డాబా పగలబడి నవ్వింది. పందెం చెల్లదని ఇద్దరూ తేల్చారు. మళ్లీ ఎగరేశారు. బాబాయ్‌కి లాటాయి పట్టింది తలుపు బల్లలోకెల్లా గట్టి బంద్ వ్యతిరేకి. పట్టినంతసేపూ అతను రాజకీయం ఊసెత్తలేదు. రెండు బల్లలూ కలిసి చేసిన ఏకగ్రీవ తీర్మానం ప్రకారం నేను బోర్లించిన బకెట్ మీద, చేతులు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చునే చూశాను, మండల్‌దా గాలిపటం తెగిపోవడం, బాబాయ్ చిన్నపిల్లాడిలా గెంతడం.

ఖిచిడీ దగ్గర భయంభయంగా అడిగాను. "బాబాయ్, నా అభిప్రాయం మారినందుకు కోపమా?"

"నీ బుర్ర, నీ ఇష్టంరా. అటు కూకో, ఇటు కూకో. దారం నాది గదరా!"

కనుక దండ వేసిన లేత్ మిషన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా రాజకీయాలు ఇకముందు ఎన్నిసార్లయినా మారవచ్చు. అవి మారేటప్పుడు మాత్రం నా చేతుల్లో ఎవరి వస్తువూ ఉండదు. వేళ్లు ముడవకుండా కారణాలు చెప్పడం ఇంకా సాధనలో ఉంది.